తెర మీద సీమ మనుషుల చేతి పని

ఈ మధ్య మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక రాయలసీమ నేపథ్యంతో వచ్చిన సినిమాలను ఒక్కొక్కటిగా చూస్తూ వచ్చాము. కొన్నింటిని మొదటిసారి చూశాను, కొన్నింటిని చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ చూశాను. కథ ఎట్లా ఉంది, పాటలు బాగున్నాయా, ఎవరు బాగా నటించారు అన్నవి అందరూ మాట్లాడుకునే సంగతులే. నేను మాత్రం ఈసారి అన్ని సినిమాలలోనూ ఒకే విషయాన్ని వెతుక్కున్నాను: ఈ కథలోని మనిషి ఏ పని చేసుకుని బతుకుతున్నాడు, ఆ పనిని కెమెరా ఎంతసేపు ఓపికగా చూసింది? ప్రొద్దుటూరులో మగ్గాల చప్పుడు వింటూ, బంగారు అంగళ్ళ వెనుక సందులలో కొలిమి ముందు వంగి కూర్చున్న కంసాలులను చూస్తూ పెరిగిన నాకు, మా వైపు మనిషిని పని నుంచి విడదీసి చూపిస్తే ఆ మనిషి సగమే కనిపించినట్టు ఉంటుంది.

ఆ లెక్కన నన్ను అన్నింటికంటే ఎక్కువగా కదిలించింది 2021లో క్రిష్ దర్శకత్వంలో వచ్చిన ‘కొండపొలం’. కడప జిల్లాకు చెందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల దీనికి ఆధారం. మాటలు కూడా ఆయనే రాశారు. కరువు ముదిరి ఊళ్ళో మేతా నీళ్ళూ కరువైనప్పుడు గొర్రెల కాపరులు మందలను తోలుకుని నల్లమల అడవిలోకి వెళ్ళి, వాన పడి ఊరివైపు పచ్చిక మొలిచేదాకా అక్కడే గడపడాన్ని కొండపొలం పోవడం అంటారు. చదువు పూర్తిచేసి హైదరాబాదులో ఉద్యోగం దొరకక ఇల్లు చేరిన రవీంద్ర అనే యువకుడు తండ్రి వెంట అట్లా అడవికి పోవడమే ఈ కథ. బెరుకుగా లోపలికి అడుగుపెట్టినవాడు పులికి ఎదురు నిలిచేంత ధైర్యాన్ని సంపాదించుకుంటాడు.

ఈ మార్పును ఒక పాటలోనో ఒక పోరాటంలోనో తేల్చివేయకుండా, పని నేర్చుకోవడం ద్వారా చూపించడం నాకు ఎంతో నచ్చింది. మంద చెదరకుండా నడిపించడం, నీటి జాడ కోసం వెతకడం, రాత్రిపూట నిద్ర ఆపుకుని కాపలా కాయడం, చీకట్లో ఏ అలికిడి దేనిదో పోల్చుకోవడం వంటివన్నీ ఒక్కొక్కటిగా పట్టుబడుతున్న కొద్దీ ఆ పిల్లవాడి నడకే మారిపోతుంది. తండ్రి గురప్పగా సాయిచంద్ నటన ఈ సినిమాకు ప్రాణం. కొడుకు చదువు వృథా అయిందన్న బాధ, వాడిని ఈ అడవిలోకి తీసుకురావలసి వచ్చిందన్న నొప్పి, అయినా జీవాలను వదిలిపెట్టలేని నిస్సహాయత ఆయన ముఖంలో ఒకదాని మీద ఒకటి కదులుతూ ఉంటాయి. బద్వేలు వైపు ఒకప్పుడు జీవాలు మేపిన మా మేనమామ మాతోపాటు కూర్చుని చూశాడు. మామూలుగా సినిమా మధ్యలో లేచిపోయే మనిషి కదలకుండా కూర్చుని, “చూడబ్బీ, ఆ పిల్లోడు కట్టె పట్టుకుండే తీరు. కొత్తగా మంద ఎంట పోయినోడు ఇట్లే పట్టుకుంటాడు” అన్నాడు. ఆ తర్వాత తాను లంకమల అంచున గడిపిన రాత్రుల గురించి చాలాసేపు చెబుతూ పోయాడు. సినిమాను ఆపి మరీ విన్నాము.

లోపాలు లేవని చెప్పను. కంప్యూటరులో తయారు చేసిన పులి కనిపించిన ప్రతిసారీ భయం తగ్గిపోయింది. కనిపించకుండా పొదల వెనుక ఉన్నంతసేపే అది నిజమైన పులి. సివిల్ సర్వీసు ఇంటర్వ్యూలో కూర్చుని కథ చెప్పించడం వల్ల వీడు గెలుస్తాడని మనకు ముందే తెలిసిపోయింది. కథానాయిక ఓబులమ్మ పాత్ర నవలలో లేదు, సినిమా కోసం చేర్చారు. ఆ చేర్పును నేను తప్పుపట్టను, ఎందుకంటే ఆమె కూడా మందను కాచే మనిషే, అడవి తెలిసిన మనిషే. అయితే ఆమె గొర్రెల మధ్య ఉన్నప్పుడు ఎంత సహజంగా ఉందో, పాటలలోకి వెళ్ళిన వెంటనే అంత పరాయిదిగా మారిపోయింది. ఆ పాటల నిడివిని మంద నడకకు ఇచ్చి ఉంటే సినిమా ఇంకా బలంగా ఉండేదని నా నమ్మకం.

అదే ఏడాది మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన ‘సినిమా బండి’ని నేను ఆలస్యంగా చూశాను. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల. కర్ణాటక సరిహద్దు దగ్గరి ఒక పల్లెలో ఆటో నడుపుకునే వీరబాబుకు, ఎవరో ప్రయాణికులు మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. దానితో సినిమా తీస్తే ఊరికి మేలు జరుగుతుందని నమ్మి, పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే గణపతిని తోడు తెచ్చుకుంటాడు. క్షవరం చేసుకుని బతికే మరిడయ్య హీరో అవుతాడు, కూరగాయలు అమ్ముకునే మంగ హీరోయిన్ అవుతుంది. హిందూపురం వైపు మా బంధువుల ఇళ్ళలో వినిపించే మాట తీరుకు ఎంతో దగ్గరగా ఉన్న ఆ యాస, కొత్త ముఖాల నోట ఎక్కడా బిగుసుకోకుండా వచ్చింది. ఈ సినిమాలో అందరికీ ముందే ఒక పని ఉంది. సినిమా తీయడం ఆ పనికి అదనంగా వచ్చి చేరిన బరువు. షూటింగు కోసం ఒక పూట పోతే ఆ పూట కూలి పోతుందన్న ఎరుక ప్రతి దృశ్యంలోనూ ఉంది కాబట్టే, వాళ్ళ కల మీద మనకు గౌరవం కలుగుతుంది. వాళ్ళ అమాయకత్వాన్ని చూసి మనం నవ్వుతాము, కానీ దర్శకుడు ఎక్కడా వాళ్ళను చిన్నచూపు చూడలేదు.

ఈ రెండింటి తర్వాత ముఠా కక్షల సినిమాలను మళ్ళీ చూడడం నాకు కష్టంగానే అనిపించింది. 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ విజయం తర్వాత చాలా ఏళ్ళపాటు సీమ అంటే తెల్లచొక్కా, సుమో, వేటకొడవలి అన్నంతగా స్థిరపడిపోయింది. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ బిగువైన సినిమా, ఇప్పుడు చూసినా కన్ను తిప్పనివ్వదు. కానీ కర్నూలు కొండారెడ్డి బురుజు ఆ తర్వాత బయటి ప్రేక్షకులకు చెంపదెబ్బ పడిన చోటుగానే గుర్తుండిపోయింది. ‘మర్యాద రామన్న’ను నేను ఇష్టంగా చూశాను, ఇంటి గడప లోపల రక్తం చిందకూడదన్న కట్టుబాటు చుట్టూ అల్లిన నవ్వు చక్కగా పండింది. అందులోనూ సీమ పొలం కథానాయకుడు వచ్చి అమ్ముకోవలసిన ఆస్తిగానే కనిపిస్తుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే వాన పడుతుంది. ఆ వానను నమ్ముకుని వేరుశనగ విత్తే రైతు ఈ కథలలో ఎక్కడా లేడు. ధర్మవరంలో పట్టుచీర నేసేవారు, బేతంచెర్లలో నాపరాళ్ళు తీసేవారు, మంగంపేట ముగ్గురాయి గనులలో పనిచేసేవారు కూడా లేరు. ఇంతమంది కష్టం మీద నిలబడిన నేలను కొన్ని కుటుంబాల పగగా కుదించడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఈ వరుసలో ‘అరవింద సమేత వీర రాఘవ’ను మాత్రం కాస్త వేరుగా చూడాలి. పేకాటలో అయిదు రూపాయల పందెం దగ్గర మొదలైన గొడవ రెండు ఊళ్ళను ఎట్లా మింగిందో చెబుతూ, హత్య జరిగిన తర్వాత ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళ వైపు కథ తిరుగుతుంది. జేజి (నాయనమ్మ) మాటలలో ఉన్న బరువు, ఉమ్మడి కడప జిల్లా మనిషి పెంచల్ దాస్ రాసిన ‘రెడ్డమ్మ తల్లి’ పాటలోని దుఃఖం, నరకడం మీద నిలబడిన సినిమాలకు ఒక సమాధానంగా నాకు వినిపించాయి. అయినా మొదటి అరగంటలోని నరుకుళ్ళను అంత ముచ్చటగా తీయడం ఆ సమాధానాన్ని బలహీనపరిచింది.

చివరగా చూసింది ‘మల్లీశ్వరి’. 1951లో దీన్ని తీసిన బి.ఎన్.రెడ్డి మా పులివెందుల ప్రాంతపు మనిషి. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నవారు. శ్రీకృష్ణదేవరాయల కాలపు కథ అయినా, అందులోని శిల్పి నాగరాజు (ఎన్.టి.రామారావు) నాకు ఇప్పటి మనిషిలాగే కనిపించాడు. దూరమైన మల్లిని తలుచుకుంటూ అతడు ఏడ్వడం కంటే, ఉలి పట్టి చెక్కిన బొమ్మలలో ఆమె పోలికలే రావడం ఎంతో బలమైన దృశ్యం. కృష్ణశాస్త్రి పాటల గురించి, భానుమతి గొంతు గురించి వేరుగా రాయాలి. రాతి మీద వంగిన రామారావు భుజాలు, ఆ పనిలో ఉన్న నిమగ్నత చూస్తున్నప్పుడు, ఎక్కడా తొందరపడని బి.ఎన్.రెడ్డి నిదానం మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. ఆయనదే ‘బంగారు పాప’ ఇంకా చూడవలసి ఉంది. పాలగుమ్మి పద్మరాజు రచన, ఎస్.వి.రంగారావు కోటయ్య పాత్ర, ఈ రెండింటి కోసం వచ్చే ఆదివారం ఇంట్లో అందరం కూర్చుని చూడాలని అనుకున్నాము. మా మేనమామ కూడా వస్తానన్నాడు.