ఆగితేనే ఎక్కే వేడి

కారు వేడెక్కి ఆగిపోవడం ఇవాళ్టితో నాలుగోసారి. భీమవరంలో అమ్మకి కంటి పరీక్ష చేయించి రాజోలు తిరిగొస్తుంటే, పాలకొల్లు ఊళ్ళో కొబ్బరికాయల లారీ వెనక ఇరుక్కున్నాం. పది నిమిషాలు కాలేదు, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు లేచింది. పక్కకి తీసి ఇంజను కట్టేశాను. బానెట్ సందుల్లోంచి అదే తియ్యటి వాసన, ఇంజనుని చల్లబరిచే ద్రవం, కూలెంట్, కాగిన వాసన. ఈ ఆరు నెలల్లో అది ముక్కుకి పట్టేసింది.

డాక్టరుగారు వేసిన చుక్కలకి అమ్మ కంటిపాపలు పెద్దవయ్యాయి, వెలుతురు చూడలేకపోతోంది. మిట్టమధ్యాహ్నం, ఇంజను కట్టేశాక ఏసీ కూడా లేదు. కొంగు మొహం మీదకి లాక్కుని "మళ్ళీనా నాన్నా?" అంది. కడుపులో దేవినట్టయింది.

పక్క కొట్టాయన పాపం బక్కెట్టుతో నీళ్ళు పట్టుకొచ్చాడు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే లోపలి ప్రెషరుకి మరిగే నీళ్ళు మొహాన కొడతాయి, వద్దన్నాను. చల్లారాకైనా బోరు నీళ్ళు పొయ్యబుద్ధి కాదు. మా వైపు బోరు నీళ్ళు ఉప్పన, రేడియేటర్ గొట్టాల్లో గార కడతాయి.

మొదటిసారి మెకానిక్కులు థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ని వదిలే మూత) మార్చారు. రెండోసారి వాటర్ పంపు. మూడోసారి రేడియేటర్ విప్పి కడిగారు. అంతా కలిపి ఇరవై రెండు వేలు. మూడుసార్లూ నేను చెప్పింది ఒక్కటే: "రోడ్డు మీద పోతుంటే ఏమీ లేదండీ, ఆగితేనే వేడెక్కుతోంది." తల ఊపేవాళ్ళు, ఏదో ఒకటి మార్చేవాళ్ళు. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజను చూసి పంపించేసేవాళ్ళు. డబ్బు సంగతి సరే, చెప్పింది చెవిన పెట్టకపోవడమే నాకు ఎక్కువ బాధ. బండి పరుగులో ఉంటే ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లారుస్తుంది. ఆగితే ఆ పని ఫ్యాను చెయ్యాలి. నేను చెప్పినదాంట్లోనే జవాబు ఉంది కదా!

కొట్టాయనే నాలుగడుగుల అవతల ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్‌ని పిలుచుకొచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. వస్తూనే అడిగాడు: "ఫ్యాను తిరుగుతోందా అండీ?" ఆరు నెలల్లో ఈ మాట అడిగిన మొదటి మనిషి ఈయనే.

ఇంజను కాస్త చల్లారనిచ్చి స్టార్ట్ చేయించాడు, ఏసీ వెయ్యమన్నాడు. ఏసీ వేస్తే ఫ్యాను తిరగాలి. కదల్లేదు. హెడ్‌లైటు వెనక బాడీకి బిగించిన నల్లవైరు పట్టుకుని కొంచెం అటూ ఇటూ ఆడించాడు. గుర్రుమని తిరిగింది. వదిలేస్తే ఆగింది. ఎర్త్ వైరు, అంటే ఫ్యాను కరెంటు బాడీలోకి తిరిగి వెళ్ళే తీగ! బోల్టు విప్పి చూపించాడు, రాగి కొస నిండా పచ్చటి చిలుము. "మీ వైపు ఉప్పుగాలి కదండీ, ఇలాగే తినేస్తాది." గరుకు కాగితంతో రాగి ఎర్రగా మెరిసేదాకా రుద్దాడు, బాడీ మీద రంగు గీకి తెల్లటి ఇనుము తేల్చాడు, బిగించి గ్రీజు రాశాడు. ఇన్నిసార్లు వేడెక్కింది కదాని ఆయిలు చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి కూడా చూశాడు. ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, హెడ్ గాస్కెట్, పోయి నీళ్ళు కలిస్తే ఆయిలు పాలు పోసిన టీలా ఉంటుందట. మాది శుభ్రంగానే ఉంది. రెండొందలు తీసుకున్నాడు. మూడొందలు ఇవ్వబోతే వంద వెనక్కిచ్చేశాడు.

చించినాడ వంతెన మీద గాలికి అమ్మ కొంగు తీసి గోదావరి చూద్దామని ప్రయత్నించి, మళ్ళీ కప్పేసుకుంది. రాజోలు వచ్చాక, ఇల్లు దగ్గరే అయినా, బస్టాండు పక్కన ఆపి ఇంజను ఆన్‌లోనే ఉంచాను.

"ఏంట్రా వింటున్నావ్?"

"ఫ్యానమ్మా."

వచ్చింది. కాసేపు తిరిగి ఆగింది. మళ్ళీ వచ్చింది. పావుగంట సేపు ముల్లు సగం దాటలేదు.

అమ్మని పదిహేను రోజుల్లో మళ్ళీ తీసుకురమ్మన్నారు. కారులోనే తీసుకెళ్తాను. డిక్కీలో డిస్టిల్డ్ వాటర్ రెండు సీసాలు, ఒక గరుకు కాగితం ముక్క పెట్టాను.