పసుపు పట్టీ మీద మాత్రం అంటించొద్దు

స్టేషన్ మొత్తాన్ని ఒకే బ్రాండ్‌కి ప్రకటనల కోసం అప్పజెప్పడాన్ని మా లైన్లో 'డామినేషన్' అంటారు. దౌర్జన్యం పేరులోనే ఉంది. అందులో నాది చివరి పని. ఆఖరి రైలు వెళ్లాక దిగి, తెల్లారి మొదటి రైలు వచ్చేలోపు స్తంభాలకీ మెట్లకీ నేలకీ వినైల్ స్టిక్కర్లు అంటించే కుర్రాళ్ల వెనక నిలబడాలి. దొరికేది మూడు నాలుగు గంటలు. గోడల మీది దుమ్ము వదిలించడానికే బోలెడు టైమ్ పోతుంది. రైళ్ల బ్రేకుల నుంచి రాలే పొడి మామూలు గుడ్డకి లొంగదు.

పోయిన నెల వచ్చిన పని సముద్రం. పైకప్పంతా నీలం, స్తంభాలు పగడాలు, నేల ఇసుక. క్లయింట్‌కి బయటికెళ్లే దారి బోర్డులు కూడా నీలంలోనే కలిసిపోవాలట, 'ఆ ఫీల్ తెగకూడదు' అని. సరే, కలిపేశాం. చూపులేనివాళ్ల కోసం నేల మీద వేసే పసుపు గుబ్బల పట్టీ దగ్గర మాత్రం మొండికేశాను. దాని మీద ఇసుక అంటించనంటే అంటించనన్నాను.

పొద్దున ఫోటోలు తీద్దామని ఆగాను. చేతిలో బరువైన సంచితో ఒకావిడ అదే పగడం చుట్టూ రెండుసార్లు తిరిగి, "బయటికి ఎటు బాబూ?" అంది. తల మీద ఈదుతున్న తిమింగలాన్ని ఆవిడ చూడనేలేదు. అరగంటలో అదే ప్రశ్న పదకొండు మంది అడిగారు. తెల్లకర్ర పట్టుకున్న ఒకాయన మాత్రం పసుపు పట్టీ వెంట నేరుగా నడిచి వెళ్లిపోయాడు. ఆ ఉదయం దారి కోసం తడుముకోనిది ఆయనొక్కడే.

ఈ తప్పు పెద్దవాళ్లూ చేశారు. 2023 సెప్టెంబరులో బర్బెర్రీ అనే ఫ్యాషన్ బ్రాండ్ ప్రచారం కోసం లండన్ బాండ్ స్ట్రీట్ స్టేషన్ బోర్డుల మీద 'బర్బెర్రీ స్ట్రీట్' అని రాశారు. స్టేషన్ పేరే మారిపోతే, ఎక్కడ దిగాలో తెలియక జనం తికమకపడరూ?

నాకు నచ్చింది 2014లో స్టాక్‌హోమ్‌లో ఓ మందుల దుకాణాల సంస్థ చేసినది. ప్లాట్‌ఫామ్ మీద ఒకే ఒక్క స్క్రీన్, అందులో ఓ అమ్మాయి ముఖం. రైలు వస్తున్నట్టు సెన్సర్ పసిగట్టగానే ఆమె జుట్టు గాలికి చెదిరిపోతుంది. అమ్మింది జుట్టుకి రాసేవే. స్టేషన్లో ఎలాగూ వీచే గాలినే వాడుకున్నారు, ఎవరి దారికీ అడ్డం రాలేదు. అదే ఏడు పిల్లల క్యాన్సర్ నిధివాళ్లు ఆ ఆలోచననే తీసుకున్నారు. ఈసారి గాలికి విగ్గే ఎగిరిపోతుంది, కింద జుట్టు లేని తల. మా పనిలో అంతకన్నా గొప్పది నాకు తెలీదు.

ఆ పదకొండు మంది సంగతి చెప్పి, క్లయింట్‌ని ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. మూడో రాత్రి హీట్ గన్‌తో నీలాన్ని వేడిచేసి ఒలిచాం. కింద నుంచి పాత బాణం గుర్తు బయటపడింది. దాని మొన దగ్గర జిగురు కాస్త మిగిలిపోయింది. ఇంకా అలాగే ఉంది.