సాయంత్రం ఏడు గంటల కరెంటు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒకాయన ఒక ప్రశ్న వేశాడు. "ఎక్కడ చూసినా సోలార్ ప్లాంట్లే, ఎండ ఊరికే వస్తుంది, మరి మన బిల్లు ఎందుకు తగ్గట్లేదు?" అని. చాలా మంచి ప్రశ్న. కానీ వచ్చిన జవాబులన్నీ ఆ పార్టీ తిన్నది, ఈ పార్టీ తిన్నది అనే. ఎవరు తిన్నారన్నది వేరే లెక్క, దాన్ని తేల్చేవాళ్లు తేల్చాలి. కరెంటు అనే సరుకు ఎలాంటిదో తెలిస్తేనే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది కాబట్టి నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

బియ్యమైతే పండినప్పుడు గోదాములో వేసి, కావాల్సినప్పుడు తీసి అమ్ముకోవచ్చు. కరెంటుకు అలాంటి గోదాము దాదాపు లేదు. ఈ క్షణంలో దేశమంతా కలిపి ఎంత వాడుతున్నామో, సరిగ్గా అంతే ఈ క్షణంలో తయారవ్వాలి. మీరు గీజర్ వేశారంటే ఆ లోడు ఆ క్షణాన ఎక్కడో ఒక టర్బైన్ మీద పడుతుంది. దీన్ని చూడటానికి ఒక కొలత ఉంది, ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క. మన దేశంలో అది 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు. రామగుండం ఎన్టీపీసీలో తిరిగే టర్బైన్, విశాఖ దగ్గర సింహాద్రిలో తిరిగే టర్బైన్, పంజాబ్‌లో ఎక్కడో తిరిగే బొగ్గు ప్లాంటు టర్బైన్, అన్నీ ఒకే లయలో నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటాయి. వాడకం పెరిగితే అన్నీ కలిసే కొంచెం నెమ్మదిస్తాయి, తగ్గితే కలిసే కొంచెం వేగం పుంజుకుంటాయి. ఫ్రీక్వెన్సీ 49.90కీ 50.05కీ మధ్య ఉండాలన్నది గ్రిడ్ (ప్లాంట్లనూ మన ఇళ్లనూ కలిపే లైన్ల వల) నిబంధన. మరీ పడిపోతే రిలేలు అనే ఆటోమేటిక్ పరికరాలు ఎవరినీ అడగకుండా ఫీడర్లను, అంటే ఊళ్లకు, వీధులకు కరెంటు తెచ్చే లైన్లను కోసేస్తాయి, కొందరిని చీకట్లో పెట్టి మిగతా గ్రిడ్‌ను కాపాడటానికి.

కాపాడలేకపోతే ఏమవుతుందో 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది చూసింది. రెండో రోజైతే ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయి 60 కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతంలో కరెంటు పోయింది, రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మనకు ఏమీ కాలేదు, ఎందుకంటే అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో కలిసి లేదు, లయ కలపకుండానే కరెంటు పంపే డీసీ లింకుల ద్వారా మాత్రమే కరెంటు అటూ ఇటూ వెళ్లేది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ అందులో చేరాం. అప్పటి నుంచి దేశమంతా ఒకే గ్రిడ్. లోటు వస్తే ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు, అలాగే ఎక్కడి దెబ్బైనా మనదాకా రావచ్చు.

2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి అందరం తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పాం, గుర్తుంది కదా. దేశం మొత్తం మీద దాదాపు 31 వేల మెగావాట్ల లోడు పడిపోయి మళ్లీ లేచింది. ఎక్కడా గ్రిడ్ కూలలేదు. జలవిద్యుత్ కేంద్రాలు నిమిషాల్లో తగ్గి, నిమిషాల్లో పెరిగి ఆ రాత్రి దాన్ని నిలబెట్టాయి. ఉత్పత్తినీ వాడకాన్నీ క్షణక్షణం సరిచూసే లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో స్క్రీన్ల ముందు కూర్చున్న ఇంజనీర్ల పేర్లు మనకెవరికీ తెలియవు. నాకైతే వాళ్లంటే చాలా గౌరవం.

ఇప్పుడు సోలార్ సంగతికి వద్దాం. మధ్యాహ్నం పన్నెండింటికి కర్నూలు, అనంతపురం వైపు సోలార్ పార్కులన్నీ దంచికొడుతుంటాయి. సాయంత్రం ఆరున్నరకు సున్నా. సరిగ్గా ఆ వేళకే జనం ఇళ్లకు చేరతారు, లైట్లు, ఏసీలు, టీవీలు, మిక్సీలు, కొట్లలో బోర్డులు అన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. ఈ సందు ఎవరు పూడ్చాలి? ఎక్కువగా బొగ్గే. బొగ్గు ప్లాంటు స్విచ్ వేస్తే వెలిగేది కాదు, చల్లారిన బాయిలర్‌ను మళ్లీ అందుకునేలా చేయడానికి గంటల తరబడి పడుతుంది. అందుకని సాయంత్రం కావాలి కాబట్టి మధ్యాహ్నం కూడా దాన్ని కనీసం 55 శాతం దగ్గర నడుపుతూనే ఉండాలి, పక్కన చవక సోలార్ ఉన్నా సరే. పైగా బొగ్గు ప్లాంటుతో ఒప్పందం ఉందంటే కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా, ప్లాంటు సిద్ధంగా ఉంటే చాలు, ఫిక్స్‌డ్ చార్జీలు డిస్కం (మన ఇళ్లకు కరెంటు ఇచ్చి బిల్లు వేసే పంపిణీ సంస్థ) కట్టాల్సిందే. సోలార్ యూనిట్ చవకైనదే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ పక్కన సాయంత్రం కోసం పెట్టుకున్న ఏర్పాటు ఖర్చు కూడా మన బిల్లులోకే వస్తుంది.

పవర్ ఎక్స్ఛేంజ్, అంటే కరెంటు కొనే అమ్మే సంతలో ధరలు చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో ధర కడతారు. మధ్యాహ్నం చాలా చవగ్గా దొరికే యూనిట్, వేసవి సాయంత్రాల్లో గరిష్ఠ పరిమితి అయిన 10 రూపాయలను తాకుతుంది. అదే యూనిట్ మన ఇంట్లో కింది శ్లాబులో ఆంధ్రాలో 1.90, తెలంగాణలో 1.95 రూపాయలు. మధ్యాహ్నం వాడినా అంతే, ఏడింటికి వాడినా అంతే. తేడాను ఎక్కువ వాడేవాళ్ల నుంచి, పరిశ్రమల నుంచి, ప్రభుత్వ సబ్సిడీ నుంచి లాగుతారు, మిగిలింది తర్వాత సర్దుబాటు చార్జీల పేరుతో బిల్లులో ప్రత్యక్షమవుతుంది. అప్పుడు అందరం కోప్పడతాం. న్యాయమైన కోపమే, కానీ ఆ ఖర్చు పుట్టిన వేళ ఏదో మన బిల్లు మీద ఎక్కడా రాసి ఉండదు.

ఈ "ఏ వేళ" అన్న మాట రైతులకు మనకంటే ముందే తెలుసు, ఒళ్లు హూనం చేసుకుని మరీ తెలుసుకున్నారు. మాది పల్నాడు వైపు. 2004లో ఉచిత కరెంటు వచ్చాక కూడా వ్యవసాయానికి ఏడు గంటలే, అదీ రెండు విడతలుగా, అందులో రాత్రి కరెంటు తప్పేది కాదు. మా పెదనాన్న అర్ధరాత్రి లేచి, టార్చి పట్టుకుని, తడి గట్ల మీద నడుచుకుంటూ మోటారు వేయడానికి వెళ్లేవాడు. పాము కరిచి ఒకరు, స్టార్టర్ డబ్బా దగ్గర షాక్ కొట్టి ఒకరు పోయారన్న వార్తలు ఏ జిల్లా పేపర్లో చూసినా ఉండేవి. రాత్రే ఎందుకంటే, పట్నాలు నిద్రపోయే వేళ బొగ్గు ప్లాంట్లను పూర్తిగా ఆపలేరు, ఆ కరెంటు తాగడానికి ఎవరో ఒకరు కావాలి. పగలు, సాయంత్రం మనకు ఇవ్వడానికి రైతును రాత్రికి నెట్టారు. గ్రిడ్ బరువును కొన్ని దశాబ్దాల పాటు రైతు నిద్ర మోసింది. ఇది అతిశయోక్తి కాదు.

సోలార్ వచ్చాక ఈ లెక్క తిరగబడింది. ఇప్పుడు కరెంటు మిగిలేది మధ్యాహ్నం, కాబట్టి ఆంధ్రాలో పగటిపూటే తొమ్మిది గంటలు ఇవ్వడం కుదిరింది. బిల్లు సంగతి ఎలా ఉన్నా, సోలార్ వల్ల జరిగిన అతి పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఉచితంగా ఇచ్చింది. అక్కడ ఇంకో సమస్య వచ్చింది, ఆటో స్టార్టర్లు. కరెంటు ఉన్నంతసేపూ మోటారు దానంతటదే తిరుగుతుంటే బోర్లలో నీళ్లు నిలవవని, ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది.

నిల్వ దాదాపు లేదన్నాను కదా, ఉన్న కాస్తలో మంచిది నీళ్ల రూపంలో ఉంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు యూనిట్లు ఉన్నాయి, అవి రెండు వైపులా తిరగగలవు. కరెంటు మిగిలినప్పుడు కింది నీటిని పైకి తోడి, కావాల్సినప్పుడు వదిలి మళ్లీ కరెంటు తీయొచ్చు. తోడటానికి నాలుగు యూనిట్ల కరెంటు పెడితే దాదాపు మూడు తిరిగొస్తాయి, ఏడింటి ధరతో పోలిస్తే అది లాభమే. ఓర్వకల్లు వైపు సోలార్ పార్కుకు దగ్గర్లోనే పిన్నాపురంలో ఇదే పద్ధతిలో 1680 మెగావాట్ల ప్రాజెక్టు చేపట్టారు. కృష్ణా మీద ఉన్నవాటిని పూర్తిగా వాడుకోవాలంటే మాత్రం రెండు రాష్ట్రాల నీటి పేచీ అడ్డం వస్తుంది. నాకు చాలా బాధగా అనిపించేది అదే, యంత్రాలు ఉన్నాయి, నీళ్లున్నాయి, సయోధ్య లేదు.

వేళను బట్టి రేటు పెట్టాలని కేంద్రం 2023లో నిబంధనలు తెచ్చింది. ఎండ ఉన్న గంటల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ, పీక్ వేళలో, అంటే వాడకం బాగా ఎక్కువగా ఉండే గంటల్లో, ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ, వ్యవసాయానికి మినహాయింపు. దీనికి ఏ వేళ ఎంత వాడామో నమోదు చేసే స్మార్ట్ మీటర్ కావాలి. ఆ మీటర్ అంటే జనంలో టెన్షన్ ఉంది, అది ఊరికే పుట్టింది కాదు. 2000లో చార్జీల పెంపు మీద బషీర్‌బాగ్ దగ్గర కాల్పులు జరిగి మనుషులు చనిపోయిన నేల ఇది. నేను వేళను బట్టి రేటు పెట్టడానికి అనుకూలమే, కానీ ఒక షరతు మీద. ఏడింటికి పని నుంచి వచ్చి అప్పుడే స్టవ్ ముందు నిలబడే మనిషికి వేళ మార్చుకునే వీలు లేదు, ఆమె మీద పీక్ రేటు వేయడం అన్యాయం. ముందు పగటి తగ్గింపు ఇచ్చి చూడండి. స్కూటర్ చార్జింగ్, ట్యాంకుకు నీళ్లు ఎక్కించడం, వాషింగ్ మెషీన్, ఇవన్నీ జనం వాళ్లంతట వాళ్లే మధ్యాహ్నానికి జరుపుకుంటారు. మా ఇంట్లో పైసా తగ్గకపోయినా ఇప్పటికే జరిపేశాం.

ఏటా విద్యుత్ నియంత్రణ మండలి చార్జీల మీద బహిరంగ విచారణ పెడుతుంది, అక్కడ ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. ఎక్కువగా రైతు సంఘాలవాళ్లు, పరిశ్రమలవాళ్లు, ఒకరిద్దరు రిటైర్డ్ ఇంజనీర్లు వస్తారు, మామూలు ఇళ్లవాళ్లం తక్కువ. ఈసారి నేను వెళ్లి రెండు అడుగుతాను. డిస్కం ఏ వేళ ఎంత ధరకు కొన్నదో పావుగంటల లెక్క తెలుగులో అందరికీ కనిపించేలా ఎందుకు పెట్టకూడదు అని ఒకటి, పగటి తగ్గింపు 200 యూనిట్ల లోపు ఇళ్లకు ముందుగా ఎందుకు ఇవ్వకూడదు అని రెండోది. మీలో ఎవరైనా ఇంతకుముందు ఆ విచారణలో మాట్లాడి ఉంటే, అర్జీ ఎలా రాయాలో కాస్త చెప్పండి.