పాలకొల్లు బస్సులో నేనే కుర్రాణ్ణి

సంక్రాంతికి వెళ్లలేకపోయాను. పండగ ముందు హైదరాబాదు నుంచి పాలకొల్లుకు ప్రైవేటు బస్సులవాళ్లు అడిగిన ధరకు మామూలు రోజుల్లో ఇంటిల్లిపాదీ వెళ్లి రావచ్చు కనుక, ఆ సొమ్ము వాళ్ల చేతిలో పోయడం ఇష్టంలేక, జనవరి నెలాఖరున నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు తీసుకొని పెద్దమ్మను చూడడానికి బయలుదేరాను. పండగ దాటిన రెండు వారాలకు ఆ రైలు ఎంత తీరుబడిగా ఉంటుందో ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. పాలకొల్లులో దిగి, క్షీరారామంలో దర్శనం చేసుకొని, టిఫిను తిని బస్టాండుకు వచ్చేసరికి, చిన్నప్పటినుంచి నాకు తెలిసిన తొమ్మిదింటి బస్సు ఇప్పుడు లేదని, పదకొండున్నర దాకా ఆగాలని అక్కడి కొట్టతను చెప్పాడు. కూర్చోవడానికి ఉన్న ఒక్క సిమెంటు బల్ల మీదా ఎండ పడుతోంది. విసుగుతోనే బస్సెక్కాను. ఆ విసుగు బస్సు కదిలిన పది నిమిషాలకే పోయింది.

బస్సు నిండుగా ఉంది. మగవాళ్లం నలుగురం, తక్కినవారంతా ఆడవారు. ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చాక ఏ పల్లెవెలుగు బస్సయినా ఇలాగే ఉంటుందని నాకు తెలుసు. తెలియనిది ఏమిటంటే, అందరి ఒళ్లోనూ మందుల దుకాణం కవరు ఉండడం. పొద్దున్నే డాక్టరు దగ్గరికి వచ్చి, రక్తం ఇచ్చి, షుగరు, బీపీ మాత్రలు నెలకు సరిపడా కొనుక్కొని తిరిగి వెళుతున్నవారు. కండక్టరు వరుసగా ఆధార్ కార్డులు చూసి సున్నా టిక్కెట్లు కొడుతుంటే, ఆయన పక్కనే నిలబడినందువల్ల ఆ కార్డులు నాకూ కనిపించాయి. 1952, 1957, 1949, మళ్లీ 1952. సగానికి సగం మంది జనవరి 1న పుట్టినవారే. పుట్టిన తేదీ ఎరగని వారికి నమోదు చేసేటప్పుడు ఏడాదిని అంచనా కట్టి, తేదీ గడిలో జనవరి 1 వేసేసిన సంగతి నేను విన్నదే అయినా, ఒకే బస్సులో అందరికీ ఒకే పుట్టినరోజు ఉండడం చూసి నవ్వు ఆగలేదు.

రెండు ఊళ్లు దాటాక ఒక సీటు ఖాళీ అయితే కూర్చున్నాను. తరవాతి స్టాపులో ఎక్కిన ఆవిడ నా భుజం తట్టి, “కొంచెం లేవండి బాబూ, తమరు కుర్రోళ్లు కదా” అంది. నా వయసు 46. హైదరాబాదు మెట్రోలో నాకే లేచి సీటిచ్చే పిల్లలున్నారు. లేచి నిలబడి చుట్టూ చూస్తే ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. డ్రైవరును, కండక్టరును మినహాయిస్తే ఆ బస్సులో అందరికంటే చిన్నవాణ్ణి నేనే.

“ఎవరి తాలూకండీ?” అని అడిగింది, కూర్చున్నాక.

పెద్దమ్మ పేరు చెప్పాను.

“ఆయ్, వాళ్ల చెల్లెలి గారి అబ్బాయా! పండగెళ్లిపోయాక వచ్చేరేంటండీ? అందరూ వచ్చినప్పుడు వచ్చుంటే ఊరు చూసేవారు. ఇప్పుడేముంటాదండీ, మేవే ఉంటాం.”

ఆచంటలో దిగాక ఏటిగట్టు కింద ఉన్న మా ఊరికి నాలుగు కిలోమీటర్లు. ఆటో అతను రెండు వందలన్నాడు. ఒకప్పుడు పది రూపాయలకు, ముందు సీట్లో డ్రైవరుకు రెండు పక్కలా వేలాడుతూ వెళ్లిన దారి. గట్టిగానే తగవు పెట్టుకున్నాను. అతను కోపం తెచ్చుకోకుండా లెక్క చెప్పాడు: ఆ రోజుల్లో కాలేజీ పిల్లలు, కూలికి వెళ్లేవారు, సినిమాకు వెళ్లేవారు కలిసి ఒక్క ట్రిప్పుకు పదిమంది అయ్యేవారు, ఇప్పుడు ఊళ్లో మిగిలిన కొద్దిమంది కుర్రాళ్లకూ సొంత బళ్లున్నాయి, పెద్దవాళ్లు నెలకొకసారి మందులకు తప్ప గడప దాటరు, నన్ను దింపి అతను ఖాళీగానే వెనక్కి రావాలి. రెండు వందలూ ఇచ్చాను.

దారికి ఒక పక్క దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడుతున్నాయి, రెండో పక్క రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు నురగ కక్కుతున్నాయి. వరుస కట్టి నాట్లు వేస్తున్నవారు అందరూ ఇరవై, పాతికేళ్లవాళ్లే కావడంతో, ఆటో అతను చెప్పినది అబద్ధమేమోనని ఒక క్షణం అనిపించింది. ఆపమని, గట్టు మీదనుంచి పలకరించాను. బదులు బెంగాలీలో వచ్చింది. ఊరి వరి నాటడానికి పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు దిగుతాయట. కోత సంగతి సరే, యంత్రం గంటలో ఎకరం కోసేస్తుంది. చేను చెరువుగా మారితే ఆ నాలుగు రోజుల నాట్లూ ఉండవు. మేత చల్లడానికి ఒకరు, రాత్రి కాపలాకు ఒకరు ఉంటే చాలు. పనుల కోసం జనం ఊళ్లో ఉండవలసిన అవసరాన్ని కోతయంత్రం ఒక వైపునుంచీ చెరువు ఇంకోవైపునుంచీ కొరుక్కుతిన్నాయి.

పెద్దమ్మ మండువా ఇంట్లో రెండు గదులు తప్ప అన్నీ తాళాలే. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో ఉన్నారు. మర్నాడు పనేమీ లేక వీధి లెక్కపెట్టాను. 31 ఇళ్లలో 12 తాళం వేసినవి, మరో 9 ఇళ్లలో ఒంటరి మనుషులు. పండగ మూడు రోజులూ ఇదే వీధిలో కార్లు పట్టక ఏటిగట్టు దాకా నిలబెట్టారట. వాకిట్లో పెద్ద రంగవల్లి సగం చెరిగి ఇంకా ఉంది. తుడిచెయ్యవద్దని పెద్దమ్మ పనిమనిషితో చెప్పిందని తరవాత తెలిసింది.

పిల్లలు వెళ్లిపోయారు కాబట్టి ఊరు ముసలిదైపోయిందని అందరూ అనేమాటే అయినా, ఆ వెళ్లిపోయినవారు అసలు ఎందరని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మా అమ్మమ్మకు ఏడుగురు; నలుగురు ఊరు వదిలినా ముగ్గురు ఇక్కడే ఉండి వ్యవసాయం చేశారు. పెద్దమ్మకు ఇద్దరు. రెండో కాన్పు తరవాత ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుంది. ఇద్దరూ వెళితే ఇల్లు ఖాళీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో 69.6 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7. జనం తగ్గకుండా నిలవాలంటే అది 2.1 ఉండాలి. పాత పశ్చిమ గోదావరి జిల్లాలో 2001 నుంచి 2011 వరకు పదేళ్లలో జనాభా పెరిగింది మూడున్నర శాతమే. అరవై దాటినవారు 2021 నాటికి దేశంలో 10.1 శాతం, మన రాష్ట్రంలో 12.4 శాతం, కేరళలో 16.5 శాతం ఉంటారని లెక్క కట్టారు. కేరళలో పుట్టుకలు ముందు తగ్గాయి కనుక అది మనకంటే ముందు నడుస్తోంది, అంతే.

ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తివేసింది. ఆ మాట అరుగు మీద వస్తే, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం విరమించి వచ్చి సొంత ఇంట్లో ఉంటున్న ఒక పెద్దాయన, “ముగ్గుర్ని కన్నవాడు సర్పంచి అవచ్చు, ఆ ముగ్గురూ కూకట్‌పల్లిలో ఓటరవుతారు” అన్నాడు. చమత్కారంగానే అన్నాడు కాని, ఆయన రాక కూడా ఊరి సగటు వయసును పెంచినదే. పాతికేళ్లకు వెళ్లినవారు అరవై దాటాక తిరిగి వస్తున్నారు. మధ్యలోని ముప్పై అయిదేళ్లూ ఊరికి దక్కడం లేదు.

భూమి ఉన్నవారి పిల్లలు చదువు పట్టుకొని వెళ్లారు. లేనివారి ఇళ్లనుంచి వెళ్లింది తల్లులు. పెద్దమ్మ ఇంటి వెనక డాబా కువైట్ డబ్బుతో కట్టినది; ఆ ఇంటి కూతురు ఖద్దామా (ఇంటిపనిమనిషి) వీసా మీద వెళ్లి పద్నాలుగేళ్లయింది, మనవణ్ణి పెంచి పెద్దచేసిన అవ్వ లేసు అల్లుకుంటూ ఆ కొత్త డాబా అరుగు మీద ఒక్కతే కూర్చుంటుంది. మనవడిది హైదరాబాదులో డెలివరీ పని.

ఒకటో తేదీ ఆదివారం కావడంవల్ల పింఛను శనివారమే వచ్చింది. తెల్లవారగానే సచివాలయం అమ్మాయి స్కూటీ మీద వచ్చి, ఆ అరుగు మీదే కూర్చుని వేలిముద్ర యంత్రం తీసింది. అవ్వ కుడి చూపుడు వేలు పెట్టింది; పడలేదు. చీర కొంగుతో తుడిచి పెట్టింది, పడలేదు. బొటనవేలు, ఎడమచేతి వేళ్లు, అన్నీ అయ్యాయి. నేను వంగి చూశాను. చిన్నప్పుడు నారు మడుల్లోను, తరవాత అరవై ఏళ్లు నూలుదారం మీదా నడిచిన ఆ వేలి కొసన గీతలు లేవు, గోలీకాయలా నున్నగా మెరుస్తోంది. అమ్మాయి అలవాటైన పనిలా ఫోను ఎత్తి, “కళ్లు తెరువు అవ్వా, నవ్వకు” అని ముఖం తీసుకొని, ఎనిమిది అయిదొందల కాగితాలు లెక్కపెట్టి ఇచ్చింది. అవ్వ రెండు కాగితాలు విడిగా ముడి వేసింది, మందులకని.

“మీ అమ్మాయి ఎప్పుడొస్తుందవ్వా?” అన్నాను.

“ఇంకో ఐదేళ్లంటందండి. అదొచ్చేతలికి దానికీ మోకాళ్ల నొప్పులే. ఇద్దరం కలిసి ఎల్తాం పాలకొల్లు.”

ఆ సాయంత్రం కమ్యూనిటీ హాలులో ఒక గాజుమూత పెట్టె చూశాను. అమెరికాలో ఉన్న ఊరివాళ్లు చందాలు వేసుకొని కొనిచ్చిన ఫ్రీజరు. పిల్లలు విమానం దిగి వచ్చేదాకా శవాన్ని ఉంచడానికి. “కరెంటు పోతే ఎలా?” అంటే, జనరేటరు కూడా కొనిచ్చారని పెద్దమ్మ కొంచెం గర్వంగానే చెప్పింది. పాడె మోయడానికి నలుగురి కోసమే పక్క ఊరికి కబురు చేస్తారట.

ఊళ్లో ఉన్న మూడు రోజులూ కుర్రాడి పనులన్నీ నేనే చేశాను. బల్బులు మార్చాను, గ్యాసు బండలు తిప్పాను, నలుగురి ఫోన్లలో నిండిపోయిన ఫొటోలు తీసేశాను. బయలుదేరే రోజు తెల్లవారుజామున అరుగు మీద సంచి పెట్టేసరికి, నేను వెళుతున్నానని ఎవరు చెప్పారో గాని, ఒక్కొక్కరే వచ్చి ఖాళీ మాత్రల అట్టలు నా చేతిలో పెట్టారు. అట్ట వెనక బాల్‌పెన్నుతో ఇంటిపేరు, లోపల మడిచిన నోటు. పాలకొల్లులో మందుల కొట్టతను అవి చూడగానే ఏ ఊరని అడక్కుండానే తీసుకొని, పదకొండు కవర్లు కట్టి, పేర్లు రాసి, పదకొండున్నర బస్సు కండక్టరుకు ఇమ్మన్నాడు. ఇచ్చాను. కండక్టరు లెక్కపెట్టుకొని, “ఇందులో ఒకటి తక్కువండి, ఏటిగట్టు మలుపు దగ్గర ఉండే మావయ్యగారిది లేదు” అన్నాడు. మళ్లీ కొట్టుకు పరిగెత్తాను. ఆ మావయ్యగారి అట్ట నా చొక్కా జేబులోనే ఉండిపోయింది.