కారల చేపతో లైటు, మూడో ట్రైకి వెలిగింది

జూన్ 14తో వేట నిషేధం అయిపోయింది కదా, ఆ తర్వాత వచ్చిన ఆదివారమే తెల్లారి ఐదింటికి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి అరకిలో కారలు తెచ్చా. వెండిరేకులా పల్చగా, ఒళ్లంతా జిగురుగా ఉండే చిన్న చేప. ఐసు నీళ్లు తగలనివి కావాలంటే అమ్మే ఆవిడ "కూరకి కాదేటి బాబూ? మరేటి సేస్తావ్?" అంది. చీకట్లో వెలుగుతాయేమో చూద్దామని అన్నా. "అదేటి వింత, రాత్రేళ తట్టలో ఒగ్గేస్తే అయ్యే మెరుస్తాయి" అని తూకం వేసేసింది.

నిజానికి ఆ వెలుగు చేపది కాదు, దాంట్లో కాపురం ఉండే బ్యాక్టీరియాది. కారల అన్నవాహిక చుట్టూ ఉంగరంలాంటి చిన్న అవయవం ఉంటుంది, దాని నిండా ఫోటోబ్యాక్టీరియం లియోగ్నాథి అనే ఆ బ్యాక్టీరియా కిక్కిరిసి ఉంటుంది. చేప తిండి పెడుతుంది, అవి లైటిస్తాయి, ఆ లైటు గాలితిత్తి లోపలి మెరుపు పొర మీద పడి పొట్ట కిందకి దిగుతుంది, దాంతో కిందనుంచి చూసే పెద్ద చేపకి దీని నీడ తెలీదు.

ఫస్ట్ ట్రై పోయింది. నేను స్నానం చేసొచ్చేలోపు అమ్మ చేపలన్నీ కుళాయి కింద పెట్టి ఉప్పు పసుపు రాసి కడిగేసింది, సముద్రపు బ్యాక్టీరియాకి మంచినీళ్లు తగిలితే ఉబ్బి పగిలిపోతాయి. ఆ రోజు పులుసు మాత్రం బాగా కుదిరింది. రెండోసారి కడగలేదు కానీ హాల్లోనే ఉంచా, 33 డిగ్రీలు, మర్నాటికి లైటు లేదు, కంపు మాత్రం మెట్లదాకా.

మూడోసారి కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 30 గ్రాముల కల్లుప్పు కలిపి, ట్రేలో చేప సగమే మునిగేలా పోశా, ఎందుకంటే వెలగడానికి వాటికి ఆక్సిజన్ కావాలి. ఏసీ 23లో పెట్టా. మర్నాడు రాత్రి లైట్లన్నీ ఆపి కూర్చుంటే ముందు ఏమీ లేదు, పది నిమిషాలకి కళ్లు అలవాటయ్యాక మొప్పల పక్కన ఆవగింజంత చుక్కలు, నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగు. గ్లవ్ వేసుకుని తాకితే ఆ వెలుగు వేలికి అంటుకొచ్చింది!! (గ్లవ్ తప్పనిసరి, చేతికి గాటు ఉంటే అసలు ముట్టుకోవద్దు, ఈ బ్యాక్టీరియా చుట్టాల్లో ప్రమాదకరమైనవి ఉన్నాయి.)

తర్వాత లీటరు చేప ఉడికించిన నీళ్లు, 30 గ్రాముల ఉప్పు, 15 గ్రాముల చైనా గ్రాస్, 3 ఎంఎల్ గ్లిజరిన్ కలిపి పాత కుక్కర్‌లో ఇరవై నిమిషాలు పెట్టి, గాజు మూతగిన్నెల్లో పోసి, గడ్డకట్టాక మరిగించిన టూత్‌పిక్‌తో వెలిగే చుక్క తీసి గీతలు గీశా. మర్నాటికి గీతలు గీతలుగా వెలిగాయి. అయితే ఇది గొంతులోదే అని అనలేను, చర్మం మీద వేరే వెలిగే రకాలూ ఉంటాయి. వచ్చేవారం ఆ ఉంగరాన్నే కోసి తీయాలి.

చైనా గ్రాస్ లేకుండా సీసాలో పెంచిన నీళ్లది ఇంకో సరదా, కదపకుండా ఉంచితే మసకబారుతుంది, ఊపితే గాలి కలిసి భగ్గుమంటుంది. నాలుగో రోజుకి ఊపినా రాలేదు, గ్లిజరిన్ తిని అవి యాసిడ్ వదులుతాయి, దాంతో లైటు పడిపోతుంది. ఆ యాసిడ్‌ని విరిచేద్దామని చాక్‌పీసు కలపబోయా కానీ ఇప్పుడొచ్చేవి ఎక్కువగా జిప్సం, పనికిరాదు. కొత్త సీసాలో గుడ్డు పెంకు ఉడికించి పొడి చేసి వేశా, ఇప్పటికి ఆరు రోజులు. అయినా రెండ్రోజులకోసారి కొత్తదానిలోకి మార్చాల్సిందే. హవాయిలో ఉండే చిన్న బాబ్‌టెయిల్ స్క్విడ్ ఈ పని రోజూ చేస్తుంది, తెల్లారగానే తన లైటు అవయవంలోని బ్యాక్టీరియాలో 95 శాతం దాకా బయటికి కక్కేస్తుంది, మిగిలినవి రాత్రికల్లా మళ్లీ నిండిపోతాయి.

భీమిలి వైపు రొయ్యల హేచరీలో చేసే ఫ్రెండ్‌కి వీడియో పంపితే "ట్యాంకు ఇలా వెలిగిందంటే మాకు నిద్రుండదురా, ఆ సీసా పట్టుకుని ఇటు రాకు" అన్నాడు. వాళ్లకి విబ్రియో హార్వేయి అనే ఇంకో వెలిగే బ్యాక్టీరియా అంటే హడల్, రొయ్య పిల్లల్ని ట్యాంకులకి ట్యాంకులే ఊడ్చేస్తుంది. అందుకే పాత గిన్నెల్ని బ్లీచింగ్ నీళ్లలో రాత్రంతా నానబెట్టాకే పారబోస్తున్నా. ఫొటోకి ఫోన్ స్టాండ్‌కి బిగించి 30 సెకన్లు, ఐఎస్ఓ 3200 పెట్టండి, చేత్తో పట్టుకుంటే నల్లగానే వస్తుంది.