తునకల డబ్బా

పన్నెండేండ్ల సంది హన్మకొండలో ఇంట్లనే పిండివంటలు చేసి అమ్ముతున్న. సంక్రాంతికి ముందు నెల రోజులు మా పొయ్యి ఆరదు. కొత్తగా పెండ్లయిన బిడ్డ అత్తగారింటికి సకినాలు పంపాలంటే ఒక్కొక్కరు ఇరవై ముప్పై కిలోలు చెప్తరు.

నాకు షుగర్ ఉందని తెలిసిన రోజే తీపి మానేసిన. అరిసెల పాకాన్ని నీళ్లల్ల వేసి వేళ్లతోటి ఉండ కట్టి చూస్త తప్ప నాలుకకు తాకనియ్య. చాయ్‌ల చక్కెర బంద్. ఎవరన్నా మేడారం పోయొచ్చి బంగారమని బెల్లం ముక్క చేతుల పెడితే కండ్లకద్దుకొని కోడలికిచ్చేదాన్ని. "మా అత్తమ్మ నోరు కట్టేసుకున్నది" అని కోడలు వాడకట్టంత చెప్పేది. నేను గూడ అదే నమ్మిన. నాలుగేండ్లు నమ్మిన.

జనవరి మొదటి వారం. మూకుట్లకెళ్లి సకినాలు తీస్తుంటే నూనె జారి ఎడమ పాదం మీద పడ్డది. పడ్డట్టు నాకు తెల్వనే లేదు. తెల్లారి చెప్పు తొడుగుతుంటే కోడలు చూసి, "అత్తమ్మా, గీ బొబ్బ ఏంది?" అన్నది. నొప్పి లేకపాయె, ఇంకేం భయం అనుకున్న. చేతుల నలభై కిలోల ఆర్డరుండె మరి.

పండుగైనంక మా దగ్గర్లున్న ఒక డాక్టరుకు చూపించుకున్న. కుర్చీల కూసునే చూసి మలాం, గోళీలు రాసిచ్చిండు. షుగర్ ఎంతుందని ఆయన అడగలే, నేను చెప్పలే. ఎనిమిది నెలల సంది పరీక్షే చేయించలేదని చెప్పుడుకు నామోషీ. మూడు వారాలకు పుండు అంచులు నల్లబడ్డయి, వాసన మొదలైంది. అప్పుడు నా కొడుకు బండి మీద కూసోబెట్టుకొని పెద్ద దవాఖానకు తీస్కపోయిండు.

పరగడుపున 214, తిన్నంక 312. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 10.4. అది ఆరున్నర దాటితేనే షుగర్ అంటరు. ఆరు రోజులు మంచం మీద ఉన్న. చచ్చిన కండ కోసి తీసేసిండ్రు, రెండు పూటలా ఇన్సులిన్ మొదలుపెట్టిండ్రు. ఒక పొద్దు నర్సమ్మ నన్ను కండ్లు మూసుకొమ్మని, ప్లాస్టిక్ దారం లాంటిది అరికాలికి పది చోట్ల తాకించుకుంట "తాకిందా అమ్మా?" అని అడిగింది. నేను మూడు సార్లే తాకిందన్న. మిగతా ఏడు సార్లు ఆమె ఊరికే అడుగుతుందేమో అనుకున్న. షుగర్ ఏండ్ల తరబడి ఎక్కువుంటే కాళ్ల నరాలు మొద్దుబారుతయట. సలసల కాగే నూనె పడ్డా తెలవకపోవుడుకు కారణం గదే.

ఇంటికి పంపే ముందు తిండి గురించి చెప్పే మేడమ్ దగ్గరికి పంపిండ్రు. నా లెక్క అప్పజెప్పిన: పొద్దుగాల రెండు ఇడ్లీలు, పగటీలి అన్నం, రాత్రి రెండు జొన్నరొట్టెలు, తీపి అసలే ముట్ట. ఆమె రాసుకుంట, "ఏం పని చేస్తరమ్మా?" అన్నది. చెప్పిన. కలం ఆపింది.

"మరి ఉప్పు ఎవరు చూస్తరు?"

"ఉప్పు చూసుడు తినుడెట్లయితది మేడం?"

ఆమె నవ్వలే. "పని మొదలుపెట్టినంక ఒక్కరోజు పక్కకు ఖాళీ డబ్బా పెట్టుకోండి. నోట్లె వేసుకోబుద్ధయిందల్లా అండ్ల వేయండి. రాత్రి తూచండి" అన్నది.

పుండు మీద బరువు పడొద్దని నెలన్నర పొయ్యి కాడ నిలబడనియ్యలే. మార్చిల ఒక పెండ్లి ఆర్డరొస్తే ఎత్తుపీట మీద కూసొని మొదలుపెట్టిన. బట్ట మీద చుట్టిన సకినం కొంచెం ఆరినంక లేపుతుంటే కొన్ని విరుగుతయి, మూకుట్ల కొన్ని విరుగుతయి. విరిగినయి గిరాకీకి ఇయ్యం. పారేయబుద్ధి గాదు. మరి ఎటు పోతున్నయో ఎన్నడూ ఆలోచించలే. ఆ రోజు చూసిన. నా చెయ్యి నన్నడగకుంటనే పళ్లెంలకెళ్లి తునక తీసి నోటి దాక తెస్తది. నోటి కాడ ఆపి డబ్బాల వేసిన. రెండు నిమిషాలకు మళ్ల అదే. మాట్లాడుకుంట ఒకటి, ఫోన్ ఎత్తుకుంట ఒకటి, ఉప్పు చూసుడు ఒకటి, ఓమ సరిపోయిందా అని ఇంకొకటి.

రాత్రి గిరాకీకి తూచే కాంటా మీదనే డబ్బా పెట్టిన. ఖాళీ డబ్బా బరువు తీసేస్తే 340 గ్రాములు.

కోడలు ఏమనలే. నేను మళ్ల ఒకసారి పెట్టి చూసిన. 340.

సకినమంటే బియ్యప్పిండి. నువ్వులు, ఓమ ఎన్ని వేసినా మూలం బియ్యమే, అదిగాక నూనెల కాల్చింది. కారం వస్తువు గదా అని నేను లెక్కలకు తీసుకోలే. ఒంట్లెకు పోయినంక ఆ బియ్యం గూడ చక్కెరే అయితది. నోరు కట్టుకున్న మనిషి నాలుగేండ్లు పని ఉన్న రోజల్లా పావుకిలో పైన తిన్నది, అదీ నిలబడి, ఎవరూ చూడకుంట. చుట్టాల ముందల నా కొడుకు "అమ్మా, నీకొద్దు" అని నా పళ్లెంలకెళ్లి తీసేస్తుండె. కూసొని తింటే అందరి కండ్లు నా మీదనే. పొయ్యి కాడ నన్ను చూసేటోళ్లు ఎవరుండిరి? ఈ మాట వానికి చెప్తే బాధపడ్డడు. ఇప్పుడు పళ్లెం జోలికి రాడు, తిన్నంక "అమ్మా, ఎంతొచ్చింది?" అని షుగర్ చూసుకునే మిషన్ దిక్కు చూసి అడుగుతడు. అది నాకు మంచిగనిపిస్తది.

మిషన్ కొనుక్కున్నంక నాకు అదో పిచ్చి పట్టింది. ఆరు సకినాలు, చాయ్: రెండు గంటలకు 268. ఇంకోరోజు ముందు బొబ్బెర గుడాలు, తోటకూర తిని, చివరికి చిన్న గిన్నెడు అన్నం తిన్న: 171. తినే వరుస మార్చినా తేడా వస్తదని నా వేలి రక్తమే చెప్పింది. పక్కింటామె "షుగర్ బియ్యం" తెమ్మన్నది. అది 2015ల రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమోళ్లు తెచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, తెలంగాణ సోనా. మిగతా సన్నాల కంటే చక్కెర మెల్లగనే పెరుగుతదంటరు, మంచిదే. అయితే నేను ఆ ధైర్యంతోటి రెండు మారులు పెట్టించుకున్న. 240. జొన్నరొట్టె ముచ్చట గూడ అంతే, నాలుగు తింటే జొన్నలు నన్నేం కాపాడలే.

అటు తప్పు చేసినట్టే ఇటు గూడ చేసిన. ఏప్రిల్‌ల ఒక రాత్రి ఇన్సులిన్ వేసుకొని, తొందరగ తగ్గిద్దామని తినకుంట పండుకున్న. నడిరాత్రి చెమటలు, వణుకు, నాలుక తిరగలే. కోడలు వేలు గుచ్చి చూస్తే 54. గిలాసల మూడు చెంచాల చక్కెర కలిపి తాగించింది. నాలుగేండ్ల తర్వాత చక్కెర నోట్లె పడితే, ఆ వణుకుల గూడ ఎంత కమ్మగున్నదో! పావుగంటకు 82. తర్వాత రొట్టె తినిపిచ్చింది. మందేసుకొని ఉపాసముండుడు మళ్ల చెయ్యలే.

పుండు ఏప్రిల్ చివరికి మూసుకున్నది. జూన్‌ల డాక్టరు ఇన్సులిన్ ఆపి గోళీల మీద పెట్టిండు. జూలైల హెచ్‌బీఏ1సీ 7.1. పాదానికి స్పర్శ మాత్రం పూర్తిగ రాలే. రోజూ రాత్రి అద్దం కింద పెట్టి అరికాలు చూసుకుంట, పొయ్యి కాడ బూట్లు వేసుకుంట. బూట్లేసుకొని సకినాలు చుట్టే ముసలిదాన్ని చూసి నవ్వుకునేటోళ్లు నవ్వుకోని.

సద్దుల బతుకమ్మ నాడు కష్టమైంది. పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, ఏ గిన్నె మూత తీసినా బియ్యమే, ఆ పైన మలీద ముద్దలు. అన్నీ చెంచా చొప్పున పెట్టుకొని, అందరి నడుమ కూసొనే తిన్న. ఇంటికొచ్చి చూస్తే 188. ఫర్వాలేదనిపించింది.

మళ్ల సంక్రాంతి వచ్చింది. ఈసారి ఉప్పు చూసే పని కోడలికి అప్పజెప్పిన. కాజీపేట గిరాకీ ఒకామె ఫోన్ చేసి, "అక్కా, ఎన్నడూ లేంది ఈసారి సప్పగున్నయి" అన్నది. పన్నెండేండ్లల్ల ఆ మాట పడలే నేను. తెల్లారి పిండి కలిపినంక మొదటి వాయిలకెళ్లి ఒకటి తీసి, పీట మీద కూసొని, మెల్లగ నమిలిన. ఉప్పు సరిపోయింది. లెక్కల పుస్తకంల "సకినం 1" అని రాసిన.

కొంచెంసేపాగి ఆ ఒకటి కొట్టేసి, 2 అని రాసిన.