కారణం తెలియదట!

చిన్నదాని ప్రాజెక్టు ఎట్టకేలకు ప్రింటయింది. రంగులు కూడా బాగానే వచ్చాయి, పిల్ల ఖుషీ. అదలా ఉంచండి, నాకు మాత్రం నిద్ర పట్టేలా లేదు.

మధ్యలో ప్రింటు ఆగిపోయినప్పుడు ఎల్‌పీస్టాట్ -పీ కొట్టి చూశాను, ప్రింటరు సంగతి చెప్పే కమాండు అది. ప్రింటరు డిజేబుల్ అయిందట. ఏ రోజు, ఏ గంట, ఏ నిమిషం, ఏ సెకను, అన్నీ చెప్పింది. ఆ కింద లైన్లో మాత్రం ‘రీజన్ అన్‌నోన్’. సెకనుతో సహా గుర్తున్నదానివి, ఎందుకు ఆగిపోయావో గుర్తులేదా తల్లీ?

ఈయనేమో పక్కన చేరి "ఓసారి ఆపి ఆన్ చెయ్యరాదూ?" అని. అన్ని జబ్బులకీ అదొక్కటే మందు. ఆగింది కంప్యూటర్లోని క్యూ, అంటే ప్రింటు కావాల్సినవాటి వరస అయితే ప్రింటర్ని ఆపి ఏం లాభం? ప్రింటింగ్ సంగతి చూసుకునే సాఫ్ట్‌వేరు కప్స్. తేడా వస్తే ఏం చెయ్యాలో దానికి చెప్పే సెట్టింగ్ ఎర్రర్ పాలసీ. అది స్టాప్-ప్రింటర్ అని ఉంటే, ఒక్క జాబు (ప్రింటుకిచ్చిన పని) ప్రింటరుకి పంపలేకపోయినా కప్స్ క్యూ మొత్తాన్నీ ఆపేస్తుంది. మనం కప్స్‌ఎనేబుల్ అనే కమాండు కొట్టి మళ్లీ కదిలించేదాకా కదలదు. ఈలోగా తండ్రీ కూతుళ్లు ప్రింటు బటన్ నొక్కుతూనే ఉన్నారు కాబోలు, ఎల్‌పీస్టాట్ -ఓ చూస్తే ఒకే సైజు జాబులు బారులు తీరి ఉన్నాయి. అన్నీ క్యాన్సిల్ చేసుకుంటూ వచ్చాను.

పాత ఆఫీసులో ఫ్లోరంతటికీ ఒకటే ప్రింటరు, అదీ అవతలి చివర. అప్పుడు మా వేళ్లకి అలవాటైంది ఎల్‌పీక్యూ, క్యూని చూపించే కమాండు. ర్యాంకు, ఓనరు, సైజు అన్నీ కనిపించేవి కాబట్టి ఎవరి ఫైలు ఎంత లావో అందరికీ తెలిసిపోయేది. ఓ సీనియర్ గారు సాయంత్రం పూట మాన్యువల్ మొత్తం పంపి తాపీగా ఇంటికి పోయేవారు. ఆయన పేరు యాక్టివ్‌లో, మేమంతా వెనక. ఇంకొకరి జాబు తీసే హక్కు మాకు లేదు, అడ్మిన్ సీట్లో ఉండేవాడు కాదు. ఎల్‌పీక్యూ +10 పెడితే పది సెకన్లకోసారి తనే మళ్లీ చూపిస్తుంది. అది చూస్తూ ఆయన్ని తిట్టుకునేవాళ్లం. ఎవర్ని తిట్టాలో తెలిసేది, అదీ సుఖమే.

ఆ రోజులే నయం అని రాయబోయాను. ఏం నయం? ‘నో ఎంట్రీస్’, అంటే క్యూ ఖాళీ అని చూసి అంత దూరం నడిచి వెళ్తే కాగితం ఇరుక్కుని ఉండేది. డేటా అప్పజెప్పేస్తే జాబు అయిపోయినట్టే దాని లెక్క. ఎల్‌పీస్టాట్‌లో కంప్లీటెడ్ అని వచ్చినా చాలాసార్లు అంతే, కాగితం బయటికొచ్చిందో లేదో దానికేం తెలుసు? పాపం, తెలిసిందే చెబుతోందిలే అనుకున్నాను.

అలా జాలిపడి, కప్స్ తన తప్పులు రాసుకునే ఎర్రర్ లాగ్ తెరిచానా, ఎందుకాగిందో అక్కడ నిక్షేపంగా రాసి ఉంది! తెలిసీ చెప్పలేదన్నమాట.

రేపు పాలసీని రిట్రై-జాబ్‌కి మార్చాలి. ఉహూఁ, అప్పుడు కాసేపాగి ఆ పాడు ఫైలునే మళ్లీ ప్రయత్నిస్తుంది. అబార్ట్-జాబ్ పెడితే దాన్ని వదిలేసి తర్వాతదానికి పోతుంది. అదే పెడతాను.